ముగ్గు, పైపులు, కోలబంతి: ఫుటీ తొలి సీజన్‌ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు రాశాం. ‘మనమూ ఒక లీగ్ పెట్టుకుందాం’ అంటూ హైదరాబాద్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ సంచిక చూడనివాళ్ల కోసం ఆట సంగతి క్లుప్తంగా చెప్తాం. ఆస్ట్రేలియాలో దీన్ని ఫుటీ అంటారు. కోలగా ఉండే బంతి, క్రికెట్ గ్రౌండ్ లాంటి గుండ్రటి మైదానం, రెండు చివర్లా నాలుగేసి పోస్టులు. బంతిని తన్నొచ్చు, ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి అందించొచ్చు, విసరడం మాత్రం కుదరదు. నడిమి రెండు పోస్టుల మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. దాని పక్క పోస్టు సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింట్. ఆఫ్‌సైడ్ లేదు. 15 మీటర్లకు తగ్గకుండా వచ్చిన కిక్‌ని నేల తాకకముందే పడితే అది మార్క్, ఎవరూ అడ్డుపడకుండా తన్నుకోవచ్చు. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్ర: మేం దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు నాలుగు బ్యాచ్‌ల వాళ్లం. డిసెంబరులో లీగ్ మొదలుపెడదామనుకుంటే జట్టుకు 18 మంది అంటున్నారు. అంతమందిని ఎక్కణ్నుంచి తేవాలి? — డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జ: తేవద్దు. మొదటి ఏడు 18 మంది ఆట జోలికే పోకండి. 18 మందికి బెంచి మీద నలుగురిని కలిపితే 22. ఆదివారం పొద్దున లేవనివాళ్లు, పరీక్షలవాళ్లు, పెళ్లిళ్లవాళ్లు పోను 22 మంది రావాలంటే పేర్లు 26 దాకా రాసుకోవాలి. నాలుగు జట్లకు వందకు పైనే అవుతారు. మూడో వారానికి ఒక జట్టు 13 మందితో వస్తుంది, ఐదో వారానికి అసలు రాదు. కొత్త లీగులు ఆట రాక పడిపోవు, ఇలా జనం రాక పడిపోతాయి.

9 మంది ఆట పెట్టుకోండి. ముగ్గురు ముందు, ముగ్గురు నడుమ, ముగ్గురు వెనక. జట్టుకు 15 పేర్లు చాలు, మొత్తం 60 మంది. యూరప్‌లో సాకర్, రగ్బీ మైదానాల మీద ఆడేది ఈ పద్ధతే. 18 అనే అంకె కూడా దేవుడిచ్చిందేం కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో విక్టోరియా లీగ్ మొదలైన 1897లో జట్టుకు 20 మంది ఆడారు, 1899లో 18కి తగ్గించారు. ఆస్ట్రేలియా మహిళల లీగ్ 2017లో మొదలైనప్పుడు కూడా మైదానంలో 16 మందే.

నాలుగు జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడితే 12 మ్యాచ్‌లు, ఆరు రౌండ్లు. జట్లను అ, ఆ, ఇ, ఈ అనుకుంటే మొదటి రౌండ్‌లో అ–ఈ, ఆ–ఇ. రెండో దాంట్లో అ–ఇ, ఈ–ఆ. మూడో దాంట్లో అ–ఆ, ఇ–ఈ. తర్వాత ఇవే మూడు మళ్లీ. ఆ పైన రెండు, మూడు స్థానాలవాళ్ల మధ్య ఒక మ్యాచ్, గెలిచినవాళ్లకు మొదటి స్థానం జట్టుతో ఫైనల్. మొత్తం ఎనిమిది ఆదివారాలు. డిసెంబరులో నాలుగు రౌండ్లు, జనవరి మొదటి ఆదివారం ఐదోది పెట్టుకోండి. సంక్రాంతికి అటూ ఇటూ ఉన్న రెండు ఆదివారాలు మాత్రం వదిలేయండి. సగం జట్టు విజయవాడ హైవే మీద ఉంటుంది, ఎవరినీ ఆపలేరు. ఆరో రౌండ్, సెమీస్, ఫైనల్ కలిపి ఫిబ్రవరి రెండో వారానికల్లా ముగించేయండి. ఆ తర్వాత ఎండ ముదురుతుంది, పరీక్షలు మీద పడతాయి.

మ్యాచ్‌కి 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మధ్యలో 3, 8, 3 నిమిషాల విరామాలు. మొత్తం 62 నిమిషాలు. పొద్దున 7కి మొదటిది, 8:20కి రెండోది పెడితే 9:30కి మైదానం క్రికెట్ వాళ్లకు ఖాళీ చేసి ఇచ్చేయొచ్చు. వాళ్లతో తగువు లేకుండా ఉండటం మీ లీగ్‌కి మంచి ఆటగాళ్లు దొరకడం కన్నా ముఖ్యం. మొదటి మ్యాచ్ ఆడే జట్లు రెండో దానికి అంపైరింగ్ చేయాలి, రెండోవాళ్లు మొదటి దానికి. ఫీల్డ్ అంపైర్లు ఇద్దరు, గోల్ అంపైర్లు ఇద్దరు, గడియారం దగ్గర ఒకరు. మనిషిని పంపని జట్టుకు ఒక పాయింట్ కోత అని ముందే కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే రెండో వారం నుంచే ‘మావాడికి జ్వరం’ మొదలవుతుంది.

ప్ర: మాకు దొరికిన గ్రౌండ్ నడుమ సిమెంటు పిచ్ ఉంది. దాని మీద క్రికెట్ మ్యాట్ పరిచే ఉంటుంది కదా, సరిపోదా? — మల్కాజిగిరి నుంచి

జ: సరిపోదు. ఎందుకంటే ఆట మొదలయ్యేదే అక్కడ. ప్రతి క్వార్టర్‌కీ, ప్రతి గోల్ తర్వాతా అంపైర్ బంతిని నడిమధ్యలో పైకి వేస్తాడు. రెండు జట్ల పొడుగు మనుషులు ఎదురెదురుగా గాల్లోకి ఎగిరి దాన్ని కొడతారు. ఒకరి మోకాలు ఒకరికి తగిలి వెల్లకిలా పడతారు. పడేది సిమెంటు మీద. జనపనార మ్యాట్ మోచేయి గీరుకోకుండా కూడా కాపాడలేదు, ఇక తల సంగతి చెప్పనక్కర్లేదు. రబ్బరు మ్యాట్లు పరుస్తామని కొందరు రాశారు. వాటి అంచులు లేస్తాయి, కాళ్లకు తగులుకుంటాయి. ఒక ప్రమాదం పోయి ఇంకోటి వస్తుంది.

ఆస్ట్రేలియాలో ఊళ్ల మైదానాల్లోనూ ఇలాంటి పిచ్‌లే ఉంటాయి. ఫుటీ సీజన్ రాగానే చాలాచోట్ల వాటిని మట్టితోనో తగిన కవర్లతోనో కప్పేస్తారు. మీ పిచ్ 22 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 10 సెంటీమీటర్ల మందాన మట్టి పోస్తే 6.6 ఘనపు మీటర్లు, అంచులు వాలుగా దింపడానికి ఇంకొంత. ఆ మట్టి ఎత్తి మళ్లీ కడిగివ్వాలంటే క్రికెట్ వాళ్లు ఒప్పుకోరు, వాళ్లకూ అది సీజనే కాబట్టి వాళ్లది తప్పు కాదు.

కాబట్టి పిచ్‌నే మీ గీత బయటికి నెట్టేయండి. 9 మంది మైదానం దీర్ఘచతురస్రం, పిచ్‌కి సమాంతరంగా, పిచ్ అంచుకి 5 మీటర్లు వదిలి ఒకే పక్కన గీయండి. నడిమి నుంచి బౌండరీ 70 మీటర్లు ఉంటే 90 పొడవు, 45 వెడల్పు పడుతుంది. 60 మీటర్లే అయితే 80కి 36 దాటదు. రెండు కొలతల్లోనూ మూలలు బౌండరీకి ఒకటిన్నర మీటర్ల దగ్గరికి వచ్చేస్తాయి. అక్కడ కంచె గానీ కాంక్రీటు డ్రెయిను గానీ ఉంటే ఆ మైదానం వదులుకోండి. గీత బయట ఎటు చూసినా 3 మీటర్లు ఖాళీ ఉండాలి, పరిగెత్తేవాడు గీత దగ్గర ఆగలేడు.

సిమెంటు కాకుండా మట్టి పిచ్ ఉంటే పద్ధతి వేరు. తడి ఉన్నప్పుడు దాని మీద ఒక్క స్టడ్ కూడా పడనివ్వకండి. ఎండి గట్టిపడ్డ గుంట క్యూరేటర్‌కి వారం రోజుల పని. ఇదే తగువు మెల్‌బోర్న్‌లోనూ ఉండేది. ఇప్పుడు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో పిచ్‌ని బయట పెంచి, క్రికెట్ రోజుల్లో తెచ్చి దించుతున్నారు. మనకు ఆ వైభోగం లేదు, పిచ్ చుట్టూ తాడు కట్టుకోవడమే.

ప్ర: మా స్కూల్‌కి శంషాబాద్ దగ్గర పెద్ద మైదానం ఉంది, పిచ్ లేదు. 18 మంది ఆటకే గీద్దామనుకుంటున్నాం. కోడిగుడ్డు ఆకారం తిన్నగా ఎలా వస్తుంది? చేత్తో గీస్తే వంకాయలా వస్తోంది. — పీఈటీ సార్

జ: నియమాల ప్రకారం పొడవు 135 నుంచి 185 మీటర్లు, వెడల్పు 110 నుంచి 155 దాకా ఉండొచ్చు. మీరు 150కి 120 తీసుకోండి, లెక్క చక్కగా కుదురుతుంది. నడిమధ్య ఒక మేకు కొట్టండి. పొడవు దిశలో అటు 45 మీటర్ల దగ్గర ఒకటి, ఇటు 45 దగ్గర ఒకటి, రెండు గట్టి మేకులు. సరిగ్గా 150 మీటర్ల తాడు రెండు కొసల్నీ ఈ రెండు మేకులకు కట్టండి. తాడు నడుమ ఒక కర్ర పెట్టి బిగుతుగా లాగి, ఆ బిగువు సడలకుండా చుట్టూ నడవండి. కర్ర వెళ్లిన దారే మీ గీత. వెనకాలే ఒకరు ముగ్గు పోసుకుంటూ రావాలి. చుట్టుకొలత 425 మీటర్ల పైచిలుకు.

తేడా వచ్చేదల్లా తాడుతోనే. నైలాన్ తాడు 150 మీటర్ల మీద బాగా సాగుతుంది, మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చేసరికి గీత కలవదు. సాగని తాడు వాడండి, మధ్యాహ్నం కాకుండా ఒకే పూటలో ఒకే మనిషితో లాగించండి. ముందుగా నాలుగు గుర్తులు టేపుతో కొలిచి పెట్టుకోండి: నడిమి నుంచి రెండు చివరలకూ 75 చొప్పున, రెండు పక్కలకూ 60 చొప్పున. కర్ర ఆ నాలుగు గుర్తుల మీదుగా పోతే మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టే.

ఇంకో చిన్న చిక్కు. నాలుగు పోస్టుల మధ్య గీత తిన్నగా ఉండాలి. సందుకు 6.4 చొప్పున మూడు సందులు, మొత్తం 19.2 మీటర్లు. చివరి పోస్టు దగ్గరికొచ్చేసరికి మీ తాడు గీత గోల్ లైన్ కన్నా దాదాపు ఒక మీటరు లోపల ఉంటుంది. తప్పు చేశామనుకుని మళ్లీ గీయకండి. పోస్టు నుంచి పది అడుగుల్లో చేత్తో కలిపేయండి.

నడుమ 50 మీటర్ల చదరం, అందులో 3 మీటర్ల వ్యాసంతో చిన్న వలయం, 10 మీటర్ల వ్యాసంతో పెద్ద వలయం. రెండు గోల్స్ ముందూ 50 మీటర్ల వంపు. గోల్ లైన్ మధ్య మేకు కొట్టి 50 మీటర్ల తాడు తిప్పితే అయిపోతుంది. సున్నం మాత్రం వద్దు. ఈ ఆటలో మొహాలు నేలకు తగులుతూనే ఉంటాయి, కళ్లలో పడితే కాలుతుంది. వాకిట్లో వేసే రాతి ముగ్గు పిండే మేలు.

ప్ర: పోస్టులు వెదురుతో చేస్తే? — ఎల్‌బీ నగర్

జ: ఒక ఆటవిడుపుకి సరే. సీజన్ మొత్తానికైతే ఎండకి చీలుతుంది, చీలిక అంచు కత్తి. జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు కొనండి. రాణిగంజ్‌లో ఏ పైపుల దుకాణంలో అయినా రెండు అంగుళాల మీడియం రకం పైపు 6 మీటర్ల పొడవున దొరుకుతుంది. ఒక్కోటి సుమారు 30 కిలోలు, ఇద్దరు మనుషులు నిలబెట్టగలరు. ఒక చివరికి రెండు నిండు పైపులు గోల్ పోస్టులు, మూడో పైపు సగానికి కోస్తే రెండు బిహైండ్ పోస్టులు. రెండు చివర్లకీ కలిపి ఆరు పైపులు. నేలలో రెండున్నర అంగుళాల పైపు ముక్కలు 60 సెంటీమీటర్ల లోతున కాంక్రీటులో పాతి, వాటిలోకి పోస్టు దించండి. చుట్టూ మిగిలే నాలుగు మిల్లీమీటర్ల సందులో చెక్క చీలలు కొడితే ఊగదు. ఆట లేనప్పుడు పోస్టు తీసి గొట్టానికి మూత పెట్టడం మరిచిపోవద్దు. మూత లేని గొట్టంలో క్రికెటర్ కాలు దిగితే ఆ మైదానం మీకు మళ్లీ దక్కదు.

నిజానికి నియమం గోల్ పోస్టు 6 మీటర్లు, బిహైండ్ పోస్టు 3 మీటర్లు నేల పైన ఉండాలంటుంది. పాతిన 60 సెంటీమీటర్లు పోగా మీకు 5.4, 2.4 మిగులుతాయి. తొలి సీజన్‌కి ఫరవాలేదు, మీ నియమాల కాగితంలో ఆ కొలతే రాసుకోండి. పోస్టు చుట్టూ 35 మిల్లీమీటర్లకు తగ్గని ఫోమ్, పైన రెక్సిన్ చుట్టించండి, మనిషి తల దాటేంత ఎత్తు దాకా. సోఫాలు కుట్టేవాళ్లు చేసిస్తారు.

ప్ర: రగ్బీ బంతితో ఆడొచ్చా? — తార్నాక

జ: పరిచయానికి ఆడొచ్చు, లీగ్‌కి వద్దు. ఫుటీ బంతి పొడుగు చుట్టుకొలత 72 నుంచి 73 సెంటీమీటర్లు, నడుము చుట్టూ 54.5 నుంచి 55.5. రగ్బీ బంతి నడుము 58 నుంచి 62, లావు ఎక్కువ. దాని మీద నేర్చుకున్న కిక్కూ బౌన్సూ అసలు బంతి దగ్గర తప్పుతాయి. గాలి 9 నుంచి 11 పీఎస్‌ఐ మాత్రమే. సైకిల్ షాపు కంప్రెసర్‌కి తగిలిస్తే క్షణంలో దాటిపోతుంది, కుట్లు పిగులుతాయి. సూదిని తడిపి చేతి పంపుతో కొట్టుకోండి. మొరం నేల తోలును వారాల్లో తినేస్తుంది కాబట్టి ప్రాక్టీసుకు సింథటిక్ బంతి, మ్యాచ్‌కి తోలు బంతి.

కిక్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం, ఆరుగురు అడిగారు. సాకర్ ఆడినవాళ్ల బంతి గాల్లో ఫ్యాన్ రెక్కలా అడ్డంగా తిరుగుతూ పోతోందంటే తప్పు కాలిది కాదు, చేతిది. బంతిని పైకి ఎగరేసి తంతున్నారు. బంతి నిలువుగా, కుట్టు అవతలి వైపు ఉండేలా రెండు చేతులతో పట్టుకోండి. కుడి కాలితో తన్నేవాళ్లు కుడి చేత్తోనే బంతిని తొడ ముందు నుంచి కిందికి నడిపించాలి, ఎడమ చేయి ముందే వదిలేయాలి. బొటనవేలు కిందికి సాచి, బూటు లేసుల మీద, బంతి కింది మూడో వంతు తగలాలి. అప్పుడు బంతి వెనక్కి పల్టీలు కొట్టుకుంటూ తిన్నగా పోతుంది. అలా తిరిగే బంతిని పట్టుకోవడమూ సులువు.

ప్ర: మా ప్రాక్టీస్ మ్యాచ్‌లో మేం 8 గోల్స్ కొట్టాం, వాళ్లు 7. అయినా వాళ్లే గెలిచారన్నారు. ఇదేం న్యాయం? పైగా పట్టికలో ‘పర్సంటేజ్’ అని పెట్టారు, గోల్స్ తేడా ఎక్కువున్న మా జట్టు కిందికి పోయింది. — ఉప్పల్

జ: న్యాయమే. మీ స్కోరు 8.5 (53), వాళ్లది 7.12 (54) అని మీరే పంపారు. చుక్కకు ముందున్నవి గోల్స్, వెనకున్నవి బిహైండ్లు. మీది 48కి 5 కలిపి 53, వాళ్లది 42కి 12 కలిపి 54. ఈ ఆటలో గురి తప్పినా కొంత దక్కుతుంది. 2017లో మహిళల లీగ్ మొట్టమొదటి ఫైనల్‌లో అడిలైడ్, బ్రిస్బేన్ జట్లు నాలుగేసి గోల్స్ కొట్టాయి. అడిలైడ్ 4.11 (35), బ్రిస్బేన్ 4.5 (29). కప్పు తేల్చింది బిహైండ్లే.

కొత్త లీగుల్లో స్కోరు గొడవలు ఎక్కువగా గోల్ దగ్గరే పుడతాయి, అంపైర్లకు ఈ నాలుగూ కంఠతా రావాలి. దాడి చేసే జట్టు మనిషి మోకాలి కింది భాగంతో తన్నిన బంతి, ఎవరికీ తగలకుండా, పోస్టుకీ తగలకుండా పూర్తిగా గీత దాటితేనే గోల్. గోల్ పోస్టుకి తగిలితే బిహైండ్. ఎవరి చేతికైనా తగిలి దాటినా, పిడికిలితో కొట్టగా దాటినా, రక్షణ జట్టే లోపలికి నెట్టుకున్నా బిహైండే. కిక్ నేల తాకకుండా నేరుగా బిహైండ్ పోస్టుకి తగిలితే మాత్రం ఏమీ లేదు, ఎదుటివాళ్లకి ఫ్రీ కిక్. గోల్ అంపైర్లు ఇద్దరూ విడివిడిగా రెండు జట్ల స్కోరూ కార్డు మీద రాసుకోవాలి, ప్రతి క్వార్టర్ చివరా గడియారం మనిషితో సరిచూసుకోవాలి. ఒకరికే వదిలేస్తే మ్యాచ్ అయ్యాక తేడా ఎక్కడొచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పర్సంటేజ్ అంటే చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో హెచ్చించడం. మీరు 310 చేసి 248 ఇచ్చారు: 125. వాళ్లు 180 చేసి 140 ఇచ్చారు: 128.57. తేడా చూస్తే మీది 62, వాళ్లది 40, అయినా పైన ఉన్నది వాళ్లే. తక్కువ ఇచ్చిన జట్టుకు ఈ లెక్క మొగ్గు చూపుతుంది. గెలుపుకు 4, సమానమైతే 2 పాయింట్లు లెక్కేశాక, అవి సమానంగా ఉన్నప్పుడే దీన్ని చూడాలి. ఆరు మ్యాచ్‌ల లీగ్‌లో ఒక్క ఏకపక్షపు మ్యాచ్ దీన్ని తలకిందులు చేస్తుందన్నది నిజమే. దానికి మందు లెక్క మార్చడం కాదు, జట్లను సమంగా పంచుకోవడం. విక్టోరియా లీగ్‌లో సెయింట్ కిల్డా జట్టు 1897, 98, 99 మూడు సీజన్లూ ఒక్క మ్యాచ్ గెలవకుండా గడిపింది. ఎనిమిది జట్ల లీగ్ కాబట్టి సాగిపోయింది. నాలుగు జట్ల లీగ్‌లో అలాంటి జట్టు నాలుగో వారానికి రావడం మానేస్తుంది.

ప్ర: మా జట్టులో సగం మంది కబడ్డీ వాళ్లు. పట్టుకోవడంలో మాకు తిరుగులేదు. కానీ అంపైర్ ప్రతిదానికీ ఊదేస్తున్నాడు. — ఇబ్రహీంపట్నం

జ: మీ బలమే మీకు చిక్కు తెస్తోంది. ఫుటీలో భుజాల కింద, మోకాళ్ల పైన మాత్రమే పట్టాలి. కబడ్డీలో చప్పట్లు కొట్టించే చీలమండ పట్టు ఇక్కడ నేరుగా ఫ్రీ కిక్. తొడ పట్టు నియమానికి లోబడే ఉంటుంది గానీ, పరిగెత్తేవాడి తొడ నుంచి చేతులు జారి మోకాలి కిందికి వచ్చేస్తాయి, అప్పుడు ఊదుతారు. నడుము పట్టు మీకు బంగారం, దాన్నే నమ్ముకోండి. ‘డ్యాష్’ అలవాటు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త: బంతి 5 మీటర్ల లోపు ఉన్నప్పుడు పక్క నుంచి భుజంతో తోయొచ్చు, వీపు మీద చేయి వేసి తోస్తే ఫ్రీ కిక్. గొలుసు కట్టి ఇద్దరు ముగ్గురు మీద పడటం కూడా ప్రమాదమే. చేతులు రెండూ బిగించేసి మనిషిని నేలకేసి కొడితే, కింద పడేవాడికి తల కాచుకోవడానికి చేయి ఉండదు. దాన్ని అంపైర్ క్షమించకూడదు.

మీరు నేర్చుకోవాల్సిన రెండో సంగతి ‘హోల్డింగ్ ద బాల్’. బంతి చేతికొచ్చాక తన్నడానికో అందించడానికో వ్యవధి దొరికినవాణ్ని మీరు సరిగ్గా పట్టుకుంటే, వాడు వెంటనే సరైన పద్ధతిలో బంతి వదలాలి. వదలకపోతే ఫ్రీ కిక్ మీది. అసలు వ్యవధే దొరకనివాడైతే, వదలడానికి నిజంగా ప్రయత్నిస్తే చాలు. బంతి ఇద్దరి మధ్యా ఇరుక్కుపోతే అంపైర్ దాన్ని తీసుకుని పైకి వేస్తాడు. పట్టు పడగానే గుప్పిట బిగించి కూర్చోవడం మీకు అలవాటు. ఇక్కడ వాడి నడుము పట్టి వాడి చేతులు బంతితో ఏం చేస్తున్నాయో అంపైర్‌కి కనిపించనివ్వండి.

అంపైర్లకు రెండు సలహాలు. మొరం మీద బంతిని నేలకేసి కొట్టి ఆట మొదలుపెట్టకండి, ఏ పక్కకు పోతుందో దేవుడికే తెలియాలి. నిలువుగా పైకి వేయండి. ఆటగాళ్లు కూడా ప్రతి 15 మీటర్లకూ బౌన్స్ చేయడానికి బదులు వంగి బంతిని నేలకు తాకించొచ్చు, నియమం ఒప్పుకుంటుంది. బౌండరీ అంపైర్లు లేరు కాబట్టి, చివరగా తన్నిన జట్టు వల్ల బంతి బయటికి పోతే ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్ అని పెట్టుకోండి. దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ 2016 నుంచి ఇలాంటి పద్ధతే పాటిస్తోంది.

ప్ర: మా అబ్బాయికి ఆటలో తల తగిలి కాసేపు అయోమయంగా మాట్లాడాడు. పావుగంటలో బాగానే ఉన్నాడని మళ్లీ దింపారు. తప్పా? — ఒక తల్లి, కూకట్‌పల్లి

జ: తప్పేనమ్మా. తల తగిలాక అయోమయం, మసక చూపు, వాంతి, నడక తూలడం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు ఆట ముగిసినట్టే. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా 108కి ఫోన్ చేయాలి. ఆస్ట్రేలియాలో మామూలు క్లబ్బుల స్థాయిలో 2024 నుంచి దెబ్బ తగిలాక కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడనివ్వడం లేదు. అది కనీస గడువు మాత్రమే. లక్షణాలు పూర్తిగా పోయి డాక్టర్ సరేననాలి. మీ లీగ్ కూడా దీన్ని నియమంగా రాసుకుని, నిర్ణయం కెప్టెన్ చేతిలో కాకుండా గడియారం దగ్గర కూర్చునే మనిషి చేతిలో పెట్టాలి. కెప్టెన్‌కి గెలవాలని ఉంటుంది. మౌత్‌గార్డ్ పళ్లను కాపాడుతుంది, మెదడును కాదు. అయినా అందరూ పెట్టుకోవాల్సిందే.

ప్ర: జట్టు రాకపోతే ఏం చేయాలి? డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి? — నాగోల్

జ: అసలు రాకపోతే వచ్చిన జట్టుకు 4 పాయింట్లు, పర్సంటేజ్ ఎవరిదీ కదపొద్దు. రెండోసారి రాని జట్టుకు ఫైనల్స్ అవకాశం పోతుంది. ఏడుగురితో వస్తే ఎదుటివాళ్లూ ఏడుగురినే దింపాలి. మ్యాచ్ జరగడం ముఖ్యం.

డబ్బు ఒకరి సొంత ఖాతాలో వేయొద్దు, స్నేహాలు పోతాయి. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా రిజిస్టర్ చేయించుకుని దాని పేరున ఖాతా తెరవొచ్చు. మైదానం అనుమతి కూడా మాటమీద కాకుండా, ఎనిమిది తేదీలూ వేసి రాతలో తీసుకోండి.

ప్ర: సాకర్‌లో హైదరాబాద్‌కి అంత చరిత్ర ఉండగా ఈ కొత్త ఆట మోజెందుకు? — సికింద్రాబాద్ నుంచి ఒక పెద్దాయన

జ: మోజు కాదండీ, పాత పరిచయమే. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు సాకర్‌లో నాలుగో స్థానం సాధించిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనే ఫుటీని ప్రదర్శన క్రీడగా ఆడి చూపించారు. ఇక ఈ ఆట పుట్టిందే క్రికెటర్ల కోసం. చలికాలంలో వాళ్ల ఒళ్లు బరువెక్కకుండా ఫుట్‌బాల్ క్లబ్ ఒకటి పెడదామని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858 జులైలో పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది మే నెలలో నియమాలు కాగితం మీదికి ఎక్కాయి.

ప్ర: విక్టోరియా లీగ్ 1897 తొలి సీజన్‌లో ఫైనల్ ఎవరెవరు ఆడారు? క్విజ్‌లో అడిగారు. — నల్లకుంట

జ: ఫైనల్ జరగలేదు. 14 రౌండ్ల తర్వాత మొదటి నాలుగు జట్లు మళ్లీ ఒకదానితో ఒకటి ఆడాయి. ఎస్సెండన్ జట్టు మూడూ గెలిచేసరికి ఇక ఫైనల్ అవసరమే లేకపోయింది. అందులో మెల్‌బోర్న్ మీద గెలిచిన స్కోరు చూడండి: 1.8 (14), 0.8 (8). మొత్తం మ్యాచ్‌కి ఒకటే గోల్.

ప్ర: మా అమ్మాయి వాళ్లు మెల్‌బోర్న్‌లో ఉంటారు. గ్రాండ్ ఫైనల్ రోజు ఫోన్ ఎత్తరు. మన టైములో ఎప్పుడది? — వనస్థలిపురం

జ: సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం. ఇటీవలి ఏళ్లలో అక్కడి టైము మధ్యాహ్నం 2:30కి మొదలైంది, మనకు ఉదయం 10. విరామాలతో కలిపి ఒంటిగంట దాకా వదిలేయండి. అక్టోబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, అప్పటి నుంచి తేడా నాలుగున్నర కాదు, ఐదున్నర గంటలు.